ముందు మనసులో మాట, తర్వాతే డబ్బు మాట

పేరు వేయవద్దని కోరుతూ ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. ఆమె వయసు 34. ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తారు. పెళ్లయిన కొన్నేళ్లకే విడాకులు తీసుకుని ఇప్పుడు అమ్మతో కలిసి ఉంటున్నారు. ఆ పెళ్లిలో ఆమెను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది వంట. ఏం వండినా భర్త ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కంచం పక్కకు తోసేసేవాడట. ఆ తర్వాత చాలాకాలం ఆమె స్టవ్ దగ్గరికే వెళ్లలేదు. ఆ భయం పోగొట్టుకోవాలని ఈమధ్య వారాంతాల్లో జరిగే ఒక కుకింగ్ క్లాస్‌లో చేరారు.

అక్కడ ఇద్దరికి కలిపి ఒక స్టవ్ ఇస్తారు. ఆమెకు జతగా వచ్చిన యువకుడి వయసు 29. చేస్తున్న ఉద్యోగం మానేసి చెఫ్ కావాలన్నది అతని కోరిక. గిన్నె వేడెక్కకముందే కూరగాయలు వేస్తే ఏమవుతుంది, తడి ఆరకపోతే వేపుడుకి రంగు ఎందుకు రాదు, ఉప్పు ముందే వేయడానికీ చివర్లో వేయడానికీ తేడా ఏమిటి, ఇవన్నీ కళ్లు మెరుస్తుండగా చెప్పేవాడట. ఒకరోజు ఆమె చేసిన వంటకం పూర్తిగా చెడిపోయింది. అతను రుచి చూసి, మొహం చిట్లించకుండా, "పులుపు కొంచెం తగ్గింది, మంట కాస్త ఎక్కువైంది, అంతే. మళ్లీ చేద్దామా?" అన్నాడు. ఆ రాత్రి ఇంటికి వెళ్లి ఏడ్చానని రాశారు.

తర్వాత క్లాస్ బయట కూడా కలుసుకోవడం మొదలైంది. అతను వాళ్లింటికి వచ్చి వండాడు, అమ్మకూ నచ్చాడు. ఇప్పటికీ ఒకరినొకరు 'మీరు' అనే అనుకుంటున్నారు. మనసులో మాట ఇద్దరిలో ఎవరూ చెప్పుకోలేదు. ఇంతలో వేరే ఊళ్లో ఒక హోటల్ కిచెన్‌లో ఏడాది పాటు ట్రైనీగా చేరమని అతనికి పిలుపు వచ్చింది. జీతం తక్కువ. అతనికి వెళ్లాలనీ ఉంది, వెళ్లకుండా ఇక్కడే చిన్న రెస్టారెంట్ పెట్టాలనీ ఉంది. "మీ దగ్గర సేవింగ్స్ ఉన్నాయి కదా, మీరు లెక్కలు చూసుకోండి, నేను వంట చూసుకుంటాను, కలిసి పెడదాం" అన్నాడు. విషయం విన్న స్నేహితురాలు, అతను నీ డబ్బు కోసమే దగ్గరయ్యాడు అని తేల్చేసింది. డబ్బు ఇవ్వనంటే అతను దూరమవుతాడేమోనని ఈమెకు భయం. ఇస్తే తనను వ్యాపారంలో భాగస్వామిగానే చూస్తాడేమోనని దిగులు. పెళ్లి దాకా వెళ్లినా రాత్రిళ్లు ఇంట్లో ఉండని మనిషితో కాపురం ఎలా అన్నది ఇంకో టెన్షన్. వయసు తేడా సరేసరి. ఏం చేయమంటారు అని అడిగారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు ఒకే ప్రశ్నగా అడిగినదాంట్లో నాకు మూడు ప్రశ్నలు కనిపించాయి. అతని మీద మీకున్నది ప్రేమేనా? అతని కలలో మీ డబ్బు పెట్టవచ్చా? చెఫ్‌తో జీవితం మీకు సరిపడుతుందా? ఒకదానికి అవునన్నంత మాత్రాన మిగతా రెండింటికీ అవునని కాదు. మీ ఇబ్బందిలో సగం ఈ మూడూ ముడిపడిపోవడం వల్ల వచ్చిందే.

మొదట ఆ రాత్రి ఏడుపు గురించి. దాన్ని చిన్న విషయం అనుకోకండి. మీరు వండినది చెడిపోయిందని ఒక మనిషి ఎదురుగా నిలబడి చెప్పాడు, అయినా మీరు చిన్నబోలేదు. తప్పు ఎక్కడ జరిగిందో విడమరచి చెప్పి, మళ్లీ చేద్దాం అన్నాడు. కంచం తోసేసిన మనిషితో గడిపిన వాళ్లకు అది ఎంత పెద్ద ఊరటో నాకు అర్థమవుతుంది. అతనిలో ఉన్న ఆ మంచితనం నిజమైనదే. కానీ పాత గాయం మానుతున్నప్పుడు కలిగే హాయీ, ఒక మనిషి మీద పుట్టే ప్రేమా మొదట్లో ఒకేలా ఉంటాయి. రెండింటిలోనూ ఆ మనిషి పక్కనుంటే చాలనిపిస్తుంది. మీకున్నది ప్రేమ కాదని నేను అనడం లేదు. ఏది ఎంత ఉందో మీరు ఇంకా చూసుకోలేదు అంటున్నాను.

ఎలా చూసుకోవాలి? మీ ఉత్తరంలోనే ఒక దారి ఉంది. అతను వంట గురించి చెప్పిన మాటలు మీకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. పదార్థం గోధుమరంగుకు మారడం గురించి అతను ఇచ్చిన వివరణ కూడా రాశారు. 1912లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త మయార్ వివరించిన చర్య అది. పైన తడి ఉన్నంతసేపు వేడి నూరు డిగ్రీలు దాటదు కాబట్టి ఆ రంగు సరిగ్గా రాదు, సుమారు 140 డిగ్రీలు దాటాకే వేగంగా వస్తుంది. అతను సరిగ్గానే చెప్పాడు, అంటే శ్రద్ధగా చదువుకుంటున్నాడు. అయితే మీ గురించి అతను ఏం అడిగాడో ఉత్తరమంతా వెతికాను. అమ్మగారి ఆరోగ్యం గురించి ఒకసారి, సేవింగ్స్ గురించి ఒకసారి. అంతకు మించి కనిపించలేదు. మీ ఆఫీసులో ఏం జరుగుతోంది, మీకు దేనికి నవ్వొస్తుంది, మీ పెళ్లి ఎందుకు చెడిందో చెప్పాలని మీకు ఉందా, ఇవి అతను అడిగాడా? అడిగి ఉండి మీరు రాయకపోతే సంతోషం. అడగకపోతే, ఇప్పటిదాకా మీరు అతని కలకు మంచి శ్రోతగా ఉన్నారు. తన పని మీద అంత మక్కువ ఉన్న మనుషుల దగ్గర ఇలా జరుగుతుంటుంది. వాళ్లు చెడ్డవాళ్లు కారు, తమ మాటల్లో తాము మునిగిపోతారు. వంట ఊసు లేని చోట, స్టవ్ లేని చోట ఒక పూట గడపండి. ఊరికే నడవండి, మీకు నచ్చిన చోటికి అతన్ని తీసుకెళ్లండి. అక్కడ కూడా మాటలు సాగుతున్నాయా, అతను మీ వైపు తిరుగుతున్నాడా చూడండి.

ఇక అతని తపన గురించి. అతనికి తపన ఉందనడంలో నాకు అనుమానం లేదు. కానీ మీరు దాన్ని చూసింది కుకింగ్ క్లాస్‌లో. క్లాస్‌లో కొలతలు ముందే కొలిచి పెడతారు, కత్తులు నూరి ఉంటాయి, ఒక వంటకాన్ని ఒకసారి చేస్తే చాలు, తర్వాత గిన్నెలు ఇంకెవరో కడుగుతారు. హోటల్ కిచెన్ అలా ఉండదు. ఫ్రెంచి చెఫ్ ఆగస్ట్ ఎస్కోఫియే 19వ శతాబ్దం చివర్లో పెద్ద హోటళ్ల వంటగదులను సైన్యంలోలాగా విభాగాలుగా, అంచెలుగా ఏర్పాటు చేశాడు. ఆయన స్వయంగా సైన్యంలో వంటవాడిగా పనిచేసినవాడు. పెద్ద కిచెన్లు చాలావరకు ఇప్పటికీ ఆ పద్ధతిలోనే నడుస్తున్నాయి. కొత్తగా చేరినవాళ్లు అన్నిటికంటే కింది మెట్టు మీద ఉంటారు. గంటల తరబడి తరగడం, తొక్కలు తీయడం, స్టోర్ నుంచి మోసుకురావడం, తుడవడం, రాత్రి సర్వీస్ మొదలయ్యేలోపు అన్నీ చేతికందేలా సర్ది పెట్టడం వాళ్ల పని. ఆ వేడిలో, ఆ అరుపుల మధ్య, నిన్న చేసినదాన్నే ఇవాళ కూడా అచ్చం అదే రుచితో చేయాలి. సొంతంగా ఏదైనా కొత్తది వండే అవకాశం చాలాకాలానికి గాని రాదు.

ఆ పని చేశాక కూడా వంట మీద ఇష్టం మిగిలితే అతను నిజంగా చెఫ్ కాగలడు. కొందరికి ఇంకా పెరుగుతుంది. కొందరికి మొదటి నెలల్లోనే ఆవిరైపోతుంది, వాళ్లు ఇంట్లో నలుగురికి వండిపెట్టడంలోనే ఆనందం ఉందని తెలుసుకుంటారు. అదీ మంచిదే. అతను ఏ కోవలోకి వస్తాడో ఇప్పుడు మీకూ తెలియదు, నాకూ తెలియదు, అతనికీ తెలియదు. అందుకే ఆ ట్రైనీ ఉద్యోగాన్ని మీ ఇద్దరి మధ్యకు వచ్చిన అడ్డంకిగా చూడొద్దంటాను. ఇంకొకరి ఖర్చుతో, ఇంకొకరి కిచెన్‌లో తనను తాను పరీక్షించుకునే అవకాశం అతనికి దొరికింది. అతను వద్దనుకుంటే ఆ పరీక్ష మీ డబ్బుతో జరుగుతుంది.

29 ఏళ్లకు మొదలుపెడితే ఆలస్యమైపోయిందని అతను కంగారుపడుతున్నాడని రాశారు. అమెరికా వంటల రచయిత్రి జూలియా చైల్డ్ పేరు అతను వినే ఉంటాడు. ఆమె 1949లో పారిస్‌లోని లె కార్డన్ బ్లూ వంట పాఠశాలలో చేరేనాటికి ఆమెకు 37 ఏళ్లు. తొలి పుస్తకం వచ్చింది 1961లో. మధ్యలో ఉన్నదంతా నేర్చుకోవడం, నేర్పడం, చేసిందే మళ్లీ చేసి చూడటం. ఆ ఏళ్లలో భర్త పాల్ ఆమెకు అండగా ఉన్నాడు, తన ఉద్యోగం తాను చేసుకుంటూ ఉన్నాడు. ఒకరి కలకు తోడు నిలవడానికి మన సేవింగ్స్ అంతా దాంట్లో పోయడం ఒక్కటే మార్గం కాదు.

డబ్బు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. మీరు లెక్కలు తెలిసినవారు కాబట్టి నేరుగా చెబుతాను. రెస్టారెంట్ వ్యాపారంలో వచ్చిన ప్రతి నూరులో సుమారు మూడో వంతు సరుకులకు, దాదాపు అంతే పనివాళ్లకు పోవడం మామూలు. మిగిలినదాంట్లోంచి అద్దె, గ్యాస్, కరెంటు, మరమ్మతులు, పాడైపోయిన సరుకు. చివరికి చేతిలో మిగిలేది చాలాచోట్ల నూరుకు ఐదు లోపే. నాలుగు రోజులు జనం తగ్గితే అదీ ఉండదు. పదిలో తొమ్మిది రెస్టారెంట్లు మొదటి ఏడాదే మూతపడతాయని అందరూ అంటుంటారు, అది నిజం కాదు. అమెరికాలోని కొలంబస్ నగరంలో చేసి 2005లో ప్రచురించిన ఒక అధ్యయనంలో మొదటి ఏడాది మూతపడినవి నాలుగో వంతుకు కాస్త ఎక్కువ, మూడేళ్లు తిరిగేసరికి సుమారు 60 శాతం. ఆ పరిశోధకులు యజమానులతో మాట్లాడినప్పుడు ఇంకో సంగతి కూడా బయటపడింది. చాలామంది తమ గెలుపోటములకు ఇంటినీ, వ్యాపారాన్నీ కలిపి నెట్టుకురాగలగడమో, రాలేకపోవడమో కారణమని చెప్పారు. వంట బాగోలేక మాత్రమే రెస్టారెంట్లు మూతపడవు. మీ ఇద్దరి మధ్య ఇంకా ఇల్లే ఏర్పడలేదు. అప్పుడే వ్యాపారం తెచ్చి పెడితే, ఏ గొడవ దేని గురించో తెలియకుండా పోతుంది.

మీ ముందున్న దారులు చూద్దాం. భాగస్వామిగా చేరితే లాభంలో వాటా ఉంటుంది, నిర్ణయాల్లో మాట ఉంటుంది. కానీ మామూలు భాగస్వామ్యంలో వ్యాపారం అప్పులకు భాగస్వాములు తమ సొంత ఆస్తితో కూడా బాధ్యులు. అంటే మీరు పెట్టింది పోవడంతో ఆగకపోవచ్చు. అప్పుగా ఇస్తే మీ నష్టానికి ఒక హద్దు ఉంటుంది, కానీ మీరు అప్పిచ్చినవారు, అతను తీర్చాల్సినవాడు అవుతారు. మనసులో మాట ఇంకా చెప్పుకోని ఇద్దరి మధ్య అది చాలా బరువు. అయినా ఇవ్వాలనిపిస్తే, పూర్తిగా పోయినా మీ జీవితం, అమ్మగారి వైద్యం, మీ నిద్ర చెడనంత మాత్రమే ఇవ్వండి, కాగితం రాయించుకునే ఇవ్వండి. మూడోది, డబ్బు పెట్టకుండా లెక్కల్లో సాయం చేయడం. అతని ఆలోచన మొత్తాన్ని కాగితం మీదకు తెచ్చి, నెలకు ఎంత అమ్మితే ఖర్చులు పూడతాయో ఇద్దరూ కూర్చుని వేయడం. దీనివల్ల మీకు పోయేదేమీ లేదు, అతనికి ఇది నిజంగా అవసరం. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. అతని బ్యాంకు అప్పుకి హామీగా సంతకం పెట్టకండి. అతను కట్టలేకపోతే బ్యాంకు మీ దగ్గరికే వస్తుంది, పైగా డబ్బు చేతులు మారనందువల్ల ఆ సంతకం ఎంత పెద్దదో పెట్టేటప్పుడు తెలియదు.

మీ స్నేహితురాలి మాట. ఆమెకు మీ మీద ఉన్న ప్రేమే ఆమెచేత అలా అనిపించింది. డబ్బు అడిగినంత మాత్రాన మోసగాడు కాడు. కలలో ఉన్న మనిషికి దగ్గరివాళ్లంతా ఆ కలలో భాగం అయిపోవాలనిపిస్తుంది, మిమ్మల్ని నమ్మి అడిగి ఉండవచ్చు. అనుమానించాల్సింది అడిగిన తీరును బట్టి. తొందరపెడుతున్నాడా? అమ్మగారికి చెప్పొద్దంటున్నాడా? అతను తన సొంత డబ్బు ఎంత పెడుతున్నాడో చెప్పకుండా దాటేస్తున్నాడా? మీరు ఆలోచిస్తానంటే, నా మీద నమ్మకం లేదా అంటున్నాడా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆగిపోండి. ఇవేవీ లేకపోతే, ఆ లెక్కల కాగితం అడగండి. విసుక్కోకుండా, తెలియనిది తెలియదని ఒప్పుకుంటూ మీతో కూర్చుంటే, ఆ రోజు వంటకాన్ని సరిదిద్దిన ఓపిక అతనికి తన తప్పుల విషయంలో కూడా ఉందని అర్థం. ఆ గుణం ఉన్న మనిషి అరుదు.

ఇప్పుడు మనసులో మాట. దాన్ని డబ్బు కంటే ముందు చెప్పమంటాను. డబ్బు ముందు వస్తే ఏ జవాబుకీ విలువ ఉండదు. మీరు ఇచ్చాక అతను ప్రేమిస్తున్నానంటే జీవితాంతం అనుమానం మిగులుతుంది. మీరు కాదన్నాక అతను దూరంగా ఉంటే, కారణం డబ్బో మరొకటో తెలియదు. "రెస్టారెంట్ సంగతి పక్కన పెడదాం. నాకు మీరంటే ఇష్టం. మీకు ఎలా ఉందో తెలుసుకోవాలనుంది. మీ జవాబు ఏదైనా నేను ఇప్పుడు డబ్బు పెట్టడం లేదు, కాబట్టి మొహమాటం లేకుండా చెప్పండి." ఇలాగే చెప్పనక్కర్లేదు, మీ మాటల్లో చెప్పండి. కానీ ఇష్టమూ, డబ్బు పెట్టననే సంగతీ ఒకే కూర్చోవడంలో తెలియాలి. అప్పుడు అతను చెప్పేది అతని మనసులోని మాటే అయ్యే అవకాశం ఎక్కువ.

అతను కాదనవచ్చు. నొప్పిగా ఉంటుంది, క్లాస్‌లో మళ్లీ ఎదురుపడటం ఇబ్బందిగా ఉంటుంది. స్టవ్ మార్చమని టీచర్‌ని అడగండి, క్లాస్ మాత్రం మానకండి. అతను పరిచయం కాకముందే, మీ కోసం మీరు ఫీజు కట్టి చేరిన క్లాస్ అది. అతనికీ ఇష్టమే అనవచ్చు. అప్పుడు కూడా డబ్బు విషయంలో మీ మాట మారకూడదు. లేదా, నేనెప్పుడూ ఆ వైపు ఆలోచించలేదు, కొంచెం టైమ్ కావాలి అనవచ్చు. దాన్ని తిరస్కారం అనుకోవద్దు. వయసు తేడా గురించి నాకు చెప్పాల్సిందేమీ లేదు. ఐదేళ్లు మీ ఇద్దరికీ సమస్య కాకపోతే ఇంకెవరికీ కాదు.

చివరిగా చెఫ్‌తో కాపురం. మీ భయం సరైనదే, దాన్ని కొట్టిపారేయను. ఊరంతా పండుగ చేసుకునే రోజునే కిచెన్‌లో పని ఎక్కువ. చాలాచోట్ల పొద్దున వెళ్లి, మధ్యాహ్నం కాస్త విరామం దొరికి, మళ్లీ సాయంత్రం వెళ్లి అర్ధరాత్రి వస్తారు. వారంలో సెలవు మీ సెలవుతో కలవదు. ఇంటికొచ్చాక వండే ఓపిక ఉండకపోవచ్చు కూడా. ఇలా ఉన్నా సంతోషంగా ఉన్న జంటలు ఉన్నారు. వాళ్లు సాయంత్రాలకు బదులు ఉదయాలను తమవిగా చేసుకుంటారు, ఒకరు లేని వేళల్లో రెండోవారు తమ పనుల్లో, తమ మనుషుల్లో ఉండగలుగుతారు. మీకు సాయంత్రం ఇంట్లో ఒక తోడు కావాలనిపిస్తే, అది కోరుకోవడంలో తప్పు లేదు. ఒకసారి ఒంటరితనం అనుభవించారు, రెండోసారి వద్దనుకోవడం మీ హక్కు. కానీ అతను మారతాడని, ఎప్పుడో మామూలు డ్యూటీ టైమింగ్స్‌కి వస్తాడని ఆశపెట్టుకుని మాత్రం ఒప్పుకోకండి.

అతను వెళితే ఆ ఏడాది మీకు కూడా పనికొస్తుంది. అలసిపోయిన రాత్రి ఫోన్ చేస్తాడా, చేస్తే మీ రోజు ఎలా గడిచిందో అడుగుతాడా, చెఫ్ తిట్టిన రోజున ఎవరి మీద విసుక్కుంటాడు, ఇవన్నీ మీకే తెలుస్తాయి. దూరం వల్ల బంధం సన్నబడిపోయే ప్రమాదం ఉంది, లేదని అనను. వెళ్లొద్దని మీరు ఆపవచ్చు, మీ మాట విని ఆగిపోనూవచ్చు. కానీ రేపు ఏ కష్టం వచ్చినా, నీ కోసమే ఆగిపోయాను అన్న మాట ఆ ఇంట్లో వినిపిస్తుంది. అతనంతట అతను వద్దనుకుంటే అది వేరు, అప్పుడు ఏదైనా చిన్న హోటల్‌లో సాయంత్రాలు పనిచేసి చూడమనండి. సొంత రెస్టారెంట్ అన్న మాట దాని తర్వాత.

హోటల్‌కి అతను నెలాఖరులోగా జవాబు చెప్పాలని రాశారు. కాబట్టి ఈ మాటలు ఈ వారంలోనే అయిపోతే మంచిది, అతను కూడా తెలిసి నిర్ణయం తీసుకుంటాడు. ముందు అమ్మగారితో ఒక మాట చెప్పండి. అతను మళ్లీ పెట్టుబడి ఊసెత్తితే, "ఏడాది కిచెన్‌లో చేసి రండి, అప్పుడు లెక్కలు నేనే వేసి చూస్తాను" అనండి. మీ డబ్బు ఎటూ పోదు, బ్యాంకులోనే ఉంటుంది.